ప్రతి కుర్చీలో కాసేపు

అగ్నిమాపక శాఖ అనుమతి వచ్చిందని రెస్టారెంటు యజమాని ఫోన్ చేసేసరికి ఆర్కిటెక్టు స్తంభం పక్క కుర్చీలో కూర్చుని, పై దీపం కళ్ళలో పొడుస్తోందేమోనని చూసుకుంటోంది.

"రేపే తెరిచేద్దాం మేడమ్!" అన్నాడతను, పెళ్ళికొడుకంత హుషారుగా.

ఆమె వెంటనే భర్తకు ఫోన్ చేసింది. సంగీతం మాస్టారితో పెళ్ళయి నెలన్నర. యాభై ఏడేళ్ళకి ఈ వేషాలేమిటని ఆడపడుచు మూతి విరిచినా, ఇద్దరూ ఒకే కప్పులో కాఫీ తాగే ముచ్చట ఇంకా తీరలేదు.

"మాస్టారూ, రేపు మధ్యాహ్నం మనం బయట భోంచేస్తున్నాం."

"నా వంట మీద అంత కసా?"

"చొక్కా ఇస్త్రీ చేయించుకోండి. మొన్నటిలా నలిగినదాంతో వస్తే మీరెవరో నాకు తెలియదంటాను."

ముప్పై ఏళ్ళుగా ఆమె గీసినవన్నీ జనం నవ్వుకునే చోట్లే: రెస్టారెంట్లు, సినిమా హాళ్ళు, ఒక డాన్సు హాలు. వాటిలో సగం ఇప్పుడు లేవు. ఒక్కదానిలోనూ ఆమె ముద్ద తినలేదు. ప్రారంభం రోజున అందరూ జంటలుగా వస్తుంటే, ఒంటరిగా బల్ల ముందు కూర్చోవడానికి మొహం చెల్లక వంటింటి వైపు నుంచి జారుకునేది. ముందురోజు మాత్రం ప్రతి కుర్చీలో కాసేపు కూర్చునేది. అక్కడినుంచి ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో తెలుసుకోవాలి కదా.

పక్క కుర్చీలోకి మారింది. వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. కిటికీలు లేని హాలు. ఎండ పడే వీలే లేదు.

"ఇందులో ఎవరైనా కూర్చున్నారా?" అని వడ్రంగిని కేకేసి అడిగింది.

"ఎవరు కూర్చుంటారు మేడమ్? ఇప్పుడేగా కవర్లు ఊడదీశాను." అతను అరచెయ్యి ఆనించి చూశాడు. "చల్లగానే ఉందిగా?"

అతను మెట్లకింద సామాను సర్దుకోవడానికి వెళ్ళాడు. తరువాతి కుర్చీ కూడా వెచ్చగానే ఉంది. ఆపై కుర్చీ కూడా. ఒకదానిలో చిన్న పిల్లాడు కూర్చున్నంత మేరే వెచ్చదనం. ఇంకొకదాని చేతి మీద చెమట పట్టిన వేళ్ళ తడి. ఆమెకు గుండె దడదడలాడింది, తరువాత నెమ్మదించింది. కూల్చేసిన హాళ్ళలో నవ్వినవాళ్ళంతా ఎక్కడో ఒకచోట కూర్చోవాలిగా అనిపించింది.

చివరికి మూలనున్న ఇద్దరి బల్ల, రేపటికని తమకోసం అట్టిపెట్టుకున్నది. రెండు కుర్చీలూ చల్లగా ఉన్నాయి.

"హమ్మయ్య," అంది పైకే, "మాది ఎవరూ లాక్కోలేదు."

తలుపు కనిపించే కుర్చీ మాస్టారికి వదిలి, ఎదుటిదానిలో కూర్చుంది. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. ఒకరి తరువాత ఒకరు వస్తున్న అడుగులు. ఆమె తిరిగి చూడలేదు. నవ్వుకుంటూ బల్ల మీద చెంప ఆనించింది.

దీపాలు ఆర్పడానికి వచ్చిన వడ్రంగి పిలిస్తే పలకలేదు.

ఆమెను తీసుకెళ్ళాక కూడా మాస్టారు ఆ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చెయ్యి తీయబోయి, మళ్ళీ వేశాడు.

"రేపటిది ఆపేస్తాను మాస్టారూ," అన్నాడు యజమాని.

"వద్దు, తెరవండి. పొద్దున్న శ్మశానం పని కానిచ్చి మధ్యాహ్నానికి వస్తాను. ఈ బల్ల ఎవరికీ ఇవ్వకండి. రెండు ప్లేట్లు పెట్టించండి."

బల్ల కింద ఆమె చెప్పులు, ఎవరింటికో భోజనానికి వెళ్ళి గుమ్మం బయట విడిచినట్టు, పక్కపక్కనే ఉన్నాయి.