మూత లోపలి పెన్సిల్ రాత

అగ్గిపుల్లను తేనెపట్టులోని మైనపు గదిలోకి దించి మెల్లగా పైకి లాగాను. కాఫీరంగు జిగురు దారంలా సాగి, వేలెడు పొడవు వచ్చాక తెగింది. ముప్పై ఏళ్ళుగా మా దీవి ఉత్తర కొసన ఈ హొకియాంగా లోయలో తేనెటీగలు పెంచుతున్నాను. నా పెట్టెల్లో ఆ దారాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. పక్క గదిలో ఇంకో పుల్ల దించితే అదీ సాగింది.

"ఏమైంది వదినా?" అంది కెయిటా. ముఖానికి వల కట్టుకుని, పొగడబ్బా పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఏమవుతుంది! పిల్లకుళ్ళు. ఈగపిల్లలు గదుల్లోనే కుళ్ళిపోయాయి. నీ పెట్టె పోయింది."

ఈ రోగానికి మందు లేదు. చట్టం ఒకటే: ఏడు రోజుల్లోగా ఈగల్ని చంపి, పెట్టెతో సహా గోతిలో వేసి కాల్చాలి. రోగపు పొడి చెక్కలో చేరితే పదుల ఏళ్ళు బతికే ఉంటుంది. ఊరి హాల్లో కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే. చరిత్ర తెలియని పాత పెట్టెలో ఈగల్ని పెట్టిన వాళ్ళని అందరి ముందూ దులిపేస్తాను.

కెయిటా నా తమ్ముడు తామతి భార్య. తామతి రెండేళ్ళ క్రితం ట్రక్కులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత ఈ పిల్ల మంచం దిగలేదు. నేను పంది ఎముకల పులుసు కాచి తీసుకెళ్తే గిన్నె అలాగే చల్లారిపోయేది. ఏడాదికి సమాధి రాయి మీది గుడ్డ తీసే సంస్కారానికి కూడా నేనూ ఇంకొకరూ చెరో రెక్క పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. అలాంటిది మొన్న అక్టోబరులో తనంతట తనే మా ఇంటికి నడిచొచ్చి, "వదినా, నాకు ఈగలు పెంచడం నేర్పుతావా?" అంది. ఎంత సంతోషించానో దేవుడికే తెలుసు.

షెడ్డులో తామతివి రెండు ఖాళీ పెట్టెలున్నాయి. వాడు పోయిన నెలకి తలుపు తీస్తే పెట్టెల్లో ఈగలూ లేవు, పట్టు కట్టే చెక్క ఫ్రేములూ లేవు. ఎవరికో ఇచ్చేసి ఉంటాడనుకున్నాను. ముందుజాగ్రత్తగా పెట్టెల లోపల మైనం గీకేసి, గ్యాసు మంటతో చెక్క గోధుమరంగుకి తిరిగేదాకా కాల్చాను. కొత్త ఫ్రేములకి తీగలు బిగించడం కెయిటాకి నేర్పాను. బయట పచ్చరంగు తనే వేసింది. రెండు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే గూడు చేద్దామనుకున్నాం. మిగిలింది పై మూత.

మూత లోపలివైపు తామతి వడ్రంగి పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఏ రోజు వాన, ఏ రోజు రాణి ఈగ కనిపించింది, అన్నీ అక్కడే. మంట తగిలితే అదంతా పోతుంది.

"ఇది మాత్రం కాల్చకు వదినా. నీకు దణ్ణం పెడతాను," అంది కెయిటా మూతని గుండెలకి హత్తుకుని.

వేరే ఎవరైనా అయితే లాక్కుని పొయ్యిలో పెట్టేదాన్ని. ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను. "ఇక్కడ నీ మాట కూడా ఉంది వదినా, చూడు," అంటూ చదవబోయింది.

"చాల్లే! వాడి రాతలు నా చెవిన వెయ్యకు," అని కసిరాను. వాడి చేతిరాత చూస్తే నేను ఏడుస్తాను. ఒకరి ముందు ఏడవడం నాకు చేతకాదు.

నా పెట్టె ఒకటి విడదీసి, కొత్త రాణితో ఈగల్ని ఇచ్చాను. నాలుగు నెలలు కెయిటా రోజూ తెల్లవారకముందే లేచేది. పెట్టె ద్వారం దగ్గర కుర్చీ వేసుకుని, ఏ ఈగ ఏ రంగు పుప్పొడి తెస్తోందో నాకు ఫోన్ చేసి మరీ చెప్పేది. ఇప్పుడు ఆ పెట్టె కాల్చాలి. కాలిస్తే ఈ మనిషి మళ్ళీ మంచం ఎక్కుతుంది. ఆ భయం నాకు కోపమై బయటికొచ్చింది.

"నిజం చెప్పు. బజారు తేనె పెట్టావు కదూ?"

"లేదు వదినా. నువ్వు చెప్పినట్టు పంచదార నీళ్ళే పెట్టాను."

"అబద్ధాలాడకు! ఆకాశం నుంచి ఊడిపడిందా రోగం? ఇంట్లో ఏ సీసాలోనో తేనె మిగిలితే జాలిపడి పోసుంటావు. కొత్తవాళ్ళంతా చేసే పనే అది, రోగం వచ్చేదీ ఆ తేనెతోనే. నా తొమ్మిది పెట్టెలు ఆ కంచె అవతలే ఉన్నాయి, తెలుసా?"

"పొయ్యలేదు," అంది. పొగడబ్బా కింద పెట్టేసింది. నేను ఈగల రోగాలు చూసే ఆఫీసుకి ఫోన్ చేసి రోగం సంగతి చెప్పాను. ఆ రోజే కాల్చేస్తానన్నాను.

గొయ్యి తవ్వడానికి షెడ్డు వెనక గడ్డి లేని చోటు చూశాను. తామతి పోయినప్పుడు అక్కడ నల్లటి మచ్చ ఉండేది. చెత్త కాల్చి ఉంటాడనుకున్నాను. రెండు పారలు మట్టి తీశానో లేదో, బూడిద తగిలింది. మూడో పారకి తుప్పు పట్టిన సన్నటి తీగలు చుట్టలు చుట్టలుగా పైకొచ్చాయి. ఫ్రేములకి బిగించే తీగలు. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఫ్రేములవి ఉంటాయి.

పార పక్కన పడేసి ఆ తీగలు చేతిలోకి తీసుకున్నాను. తామతి ఈగల్ని ఎవరికీ ఇవ్వలేదు. ఫ్రేములతో సహా ఇక్కడ కాల్చాడు. పెట్టెలు కాల్చేలోగా పోయాడు. రోగం నేను మంట చూపకుండా వదిలేసిన మూతలో మిగిలింది.

"కెయిటా, ఆ మూత ఇలా తే," అన్నాను.

తెచ్చింది. నాకివ్వకుండా పట్టుకుని నిలబడింది. "ఆ రోజు చదవబోతే నువ్వే వద్దన్నావు," అంది. "చివరి వరుస నాకు అర్థం కాలేదు. నిన్ను అడుగుదామనే అనుకున్నాను. తిడతావని ఊరుకున్నాను."

మూత తీసుకుని ఎండ పడేలా తిప్పాను. రెండేళ్ళ తర్వాత మొదటిసారి నా తమ్ముడి అక్షరాలు చూశాను. వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పైనుంచి బయటికే చదివాను.

"అక్టోబరు 3. వాన. రాణి బాగుంది. డిసెంబరు 20. కెయిటాని ముక్కు మీద కుట్టింది. ఈగని వదిలేసి నన్ను తిట్టింది." కెయిటా ఏడుస్తూనే నవ్వింది. "ఫిబ్రవరి 26. రెండిట్లోనూ పుల్ల పెట్టి చూశాను. సాగింది. అక్క తిడుతుంది. అయినా చెప్పాలి."

వాడు పోయింది మార్చి 9న. మధ్యలో పదకొండు రోజులున్నాయి. ఆ మధ్యలో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చాడు. గేటు మూయకుండా ట్రక్కు లోపలికి తెచ్చాడని గొంతు చించుకుని అరిచాను. వాడు తలొంచుకుని తిని, గిన్నె కడిగి పెట్టి, "వస్తానక్కా," అని వెళ్ళిపోయాడు. ఈ సంగతి చెప్పాలనే వచ్చాడు. నేను చెప్పనివ్వలేదు.

ఏడ్చాను. కెయిటా ముందే, గోతి అంచున కూలబడి ఏడ్చాను. "నీ మీద లేనిపోని నింద వేశానే. తప్పు నాది," అన్నాను. ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

పొద్దు వాలి ఈగలన్నీ గూటికి చేరాక ద్వారానికి గుడ్డ కుక్కాం. పెట్రోలు నేనే పోశాను. ఆ ఆవిరికి ఊపిరాడక కాసేపటికి ఈగల రొద ఆగింది. పెట్టెలు, ఫ్రేములు గోతిలోకి దించాం. మూత కెయిటా చేతిలో ఉండిపోయింది.

"ఆ రాసిన ముక్క వరకైనా కోసుకోకూడదా వదినా?"

కోసుకోమనాలని నాకెంత ఉందో! "కూడదమ్మా," అన్నాను. పోయినవాళ్ళ బట్టలు వాళ్ళతోనే పంపేయడం మా ఆచారం. ఇదొక్కటే మా ఇద్దరి దగ్గరా మిగిలిపోయింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మంటలో పెట్టాం. పచ్చరంగు పొక్కి నల్లబడింది.

బూడిద మీద మట్టి కప్పాక, శ్మశానం నుంచి బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర చేసినట్టే బకెట్లో నీళ్ళతో చేతులు కడుక్కున్నాం.

"రేపు పొద్దున్నే రా. నా తొమ్మిది పెట్టెలూ చూడాలి," అన్నాను. "పుల్ల నువ్వే పెట్టు. సాగితే సాగిందని చెప్పు. నేను నోరు మూయించబోతే ఊరుకోకు."

కెయిటా తడి చేతులు లంగాకి తుడుచుకుంది.

"ఎన్నింటికి రమ్మంటావు?" అంది.