శుక్రవారం అన్నం

భర్త దేశం దాటి పోతుంటే భార్య కళ్ళు తుడుచుకుంటూ బస్టాండు దాకా వచ్చి సాగనంపడం మా జమ్మలమడుగు పక్క మామూలు. మా ఇంట్లో అది తిరగబడింది. మా కరుణమ్మ చేతిసంచీతో ముందు నడిచింది. నేను ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అట్లే కార్చుకుంటూ వెనకాల నడిచాను. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చిన మనిషి. కువైట్‌లో సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నేనేమో మిషన్ బడిలో ఐదో తరగతి చదివాక, "దేవపాలూ, ఇంక నీకు చెప్పేదానికి నా దగ్గరేమీ మిగల్లేదు నాయనా" అని అయ్యవారే చేతులెత్తి ఇంటికి పంపిన మనిషిని. ఆమె వీసా మీద నేనూ, మా పాప దీవెనా పోయాం. విమానంలో నన్ను సామానుతో పాటు తూకమేశారని ప్రొద్దటూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే.

అక్కడ యుద్ధం ముగిసి రెండు మూడేండ్లయింది. ఇక్కడ మా జిల్లాలో పల్లె పక్షాలదే ఇంకా ముగియలేదు.

ఎండ ఎట్లుంటుందని అందరూ అడుగుతారు. మధ్యాహ్నం నేను అంగడికి పోతుంటే నా నీడ నాతో రానని కారు కిందికి దూరేది. తిరిగొచ్చేటప్పుడు బతిమాలి పిలుచుకొని రావాలి. ఒకసారి దుమ్ము లేచి, వీధి చివరి మంగలంగడి బోర్డు రొట్టెల అంగడి మీద దిగింది. నేను పోయి గడ్డానికి సబ్బు పూయమని కూర్చున్నాను. వాళ్ళు పిండి పూశారు. నమ్మకపోతే మా దీవెనను అడగండి. అదీ నమ్మదు.

మేమున్నది మూడంతస్తుల పాత కట్టడం. కింద ఒక గదిలో మేము. ఎదురు గదిలో ప్రొద్దటూరు చాంద్ బాషా, ఆయన భార్య షాహీదాబీ. ఆయన దర్జీ. వీధి మొగదల్లో అంగడి, అందులో ఒక ఫోను. ఊరినుంచి ఎవరికి కబురొచ్చినా ఆ ఫోనుకే రావాలి. పై రెండంతస్తుల్లో పులివెందుల, వేంపల్లె, చక్రాయపేట పక్కల మగవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు. అందరూ ఒకే జిల్లావాళ్ళు కదా, కలిసిమెలిసి ఉంటారని మీరనుకుంటారు. ఒకే జిల్లావాళ్ళు కాబట్టే పలకరించుకునేవాళ్ళు కారు. ఊరి పేరు చెబితే పక్షం తెలిసిపోతుంది. ఇంటి పేరు చెబితే ఏ కేసులో ఎన్నో ముద్దాయికి ఏమవుతాడో తెలిసిపోతుంది. అందుకని ఎవరినడిగినా "కడప పక్క" అని తలుపేసుకునేవాళ్ళు.

మా కరుణమ్మకు వాళ్ళమ్మ నుంచి వచ్చిన అలవాటొకటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా, ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అది దేవునిది. మా ఊర్లో ఆదివారం నాడు ఆడవాళ్ళంతా ఆ బియ్యం మందిరానికి తెచ్చి ఒక గంపలో పోస్తే, లేనివాళ్ళ ఇండ్లకు చేరేది. కువైట్‌లో సెలవు శుక్రవారం, అందుకని ఆరాధనా ఆ రోజే. మొదటి శుక్రవారమే డబ్బా ఎత్తుకొని పోయాం. అక్కడ ఆరాధన ఇంగ్లీషులో, మనుషులు పది దేశాలవాళ్ళు. గేటు దగ్గర ఒక పెద్దాయన డబ్బా మూత తీసి, బియ్యం చూసి, ఎంతో సంతోషపడి, పెండ్లికూతురు ఎక్కడని అడిగాడు. చల్లడానికి తెచ్చామనుకున్నాడు.

డబ్బా మళ్ళీ ఇంటికొచ్చింది.

"వండెయ్, తిందాం" అన్నాను.

"దేవునికి తీసింది మనం తింటామా? నోరు కడుక్కో పో" అంది కరుణమ్మ. కాసేపు గోడకానుకొని ఆలోచించి, "పైనుండే పిల్లోళ్ళు రొట్టె, ఉల్లిగడ్డ తిని పండుకుంటాండారు. పోయి పిల్చకరా" అంది.

పైకి పోయి తలుపులు తట్టాను. ఒక్కటీ తెరుచుకోలేదు. ఇంక లాభం లేదని మెట్ల మీద కూర్చొని, మైలవరం డ్యాములో మా తాత పట్టిన చేప కథ గట్టిగా మొదలుపెట్టాను. ఆ చేపను గట్టుకు లాగితే డ్యాములో నీళ్ళు సగానికి దిగి, కాలవ కింద రైతులు మా తాత మీద కేసు పెట్టారని చెప్పేసరికి ఒక తలుపు తెరుచుకుంది.

"ఎవురప్పా నువ్వు? మనుషులు నిద్రపోవద్దా?"

"చేపకూర లేదు గాని పప్పన్నముంది, రాండి" అన్నాను.

తిట్టడానికి బయటికొచ్చినవాళ్ళే తినడానికి కిందికొచ్చారు. మరుసటి వారం షాహీదాబీ, "అక్కా, ఒట్టి చేతుల్తో ఎట్ల కూకునేది?" అంటూ తన పిడికెడు తెచ్చింది. అది చూసి పైవాళ్ళూ మొదలుపెట్టారు. ప్రతి గురువారం నేను డబ్బా పట్టుకొని తలుపు తలుపుకూ తిరిగేవాడిని. కొందరు వేంకటేశ్వరస్వామి పటానికి చూపించి వేసేవాళ్ళు, కొందరు బిస్మిల్లా అని వేసేవాళ్ళు. ఒకరిది సన్నబియ్యం, ఒకరిది దొడ్డు, ఒకరిది నూకలు. అన్నీ కలిసి ఉడికితే ఒక మెతుకు పలుకుగా, ఒక మెతుకు మెత్తగా ఉండేది. అయినా శుక్రవారం వస్తే మా గది ముందు చెప్పులు మెట్ల దాకా ఉండేవి. ఎవరికి జ్వరమొచ్చినా కరుణమ్మ చెయ్యి పట్టుకొని చూసేది. షాహీదాబీ దీవెనకు గౌన్లు కుట్టేది. 'కడప పక్క' అన్నవాళ్ళు మెల్లగా ఊరి పేర్లు చెప్పుకున్నారు.

ఇద్దరు తప్ప. వాళ్ళకు చెప్పుకోవలసిన అవసరమే లేదు. ఆదినారాయణ రెండో అంతస్తు, నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. ఓబులేసు మూడో అంతస్తు, రాతిపని మేస్త్రీ. ఇద్దరిదీ పులివెందుల దగ్గర ఒకటే పల్లె, రెండు పక్షాలు. ఎలక్షన్ల ముందు రెండు పక్షాల పెద్దలూ పార్టీలు తారుమారు చేసుకున్నారు. గోడల మీద రంగులు మారాయి గాని పగలు మారలేదు. ఇద్దరి తల్లులూ మెడలోవి అమ్మి, కొడుకు బతికుంటే చాలని విమానమెక్కించారు. ఒకరు మెట్లు దిగుతుంటే ఇంకొకరు గదిలోనే ఆగేవాళ్ళు. ఆదినారాయణ మాతో కూర్చొని తినేవాడు. ఓబులేసుకు నేను క్యారియరులో పైకి తీసుకుపోయేవాడిని.

ఆ పల్లెలో ఒక కట్టు ఉందని ఆదినారాయణే ఒకసారి చెప్పాడు. ఏ పెద్దాయన ఇంట్లో అన్నం తింటే ఆయన మనిషి. పని మీద పంపేముందు పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి తన చేత్తో వడ్డిస్తాడు. అవతలి ఇంటి అన్నం ముట్టినవాడిని ఇంక వెంట తీసుకుపోరు. వాడి చెయ్యి లేవదని నమ్మకం.

"మరి హోటల్లో తింటే?" అన్నాను.

"నీకు ప్రతిదీ ఎగతాళే బావా" అన్నాడు.

ఒక గురువారం చాంద్ బాషా అంగడికి ఫోనొచ్చింది. ఆదినారాయణ తమ్ముడిని పొలం దారిలో బాంబులేసి చంపేశారు. చంపింది ఓబులేసు పక్షం. ఆదినారాయణ పక్షం పెద్దాయన అతన్ని రమ్మన్నాడు. శనివారానికి టికెట్టు కూడా ఇప్పించాడు.

ఆ వెనకే ఆదినారాయణ భార్య విజయలక్ష్మి ఫోను చేసింది, మా కరుణమ్మకు.

"అక్కా, ఆయప్పను పంపొద్దక్కా. కర్మకని పిలుస్తాండారు. వచ్చినోన్ని మళ్ళా ఇంటికి పంపరు, కత్తి చేతికిస్తారు. పోయినోడు ఎట్లా పోయినాడు. ఈయప్ప గూడా పోతే నేను ఇద్దరు బిడ్డలనేసుకొని యాడికి పోవాల?"

కరుణమ్మ ఫోను పెట్టేసి ఇంటికి నడిచింది.

శుక్రవారం మామూలుగానే అన్నం వండింది. ఆదినారాయణ చెప్పిపోదామని వచ్చాడు. పెట్టె సర్దుకున్నాడట. కండ్లు ఎర్రగా ఉన్నాయి. చాంద్ బాషా పక్కకు జరిగి చోటిచ్చాడు. నా దగ్గర ఆ రోజు కథ లేదు.

"కూకో ఆదీ. తిని పో" అంది కరుణమ్మ.

కూర్చున్నాడు. పప్పు కలుపుకొని రెండు ముద్దలు తిన్నాడు. అప్పుడామె గరిటె పట్టుకొని, మామూలు గొంతుతోనే అంది: "ఇంత కాలం ఒగరి బియ్యం ఒగరు తింటిరి. పైన ఓబులేసుది గూడా ఈ కూటిలోనే ఉండె. మీ యిద్దరినీ ఒక బంతిలో కూకోబెట్టలేకపోతినే అని ఒగటే బాధ నాకు."

నేను ఆమె కాలు తొక్కాను. అప్పటికే ఆలస్యమైంది.

ఆదినారాయణ చెయ్యి కంచం మీదనే ఆగిపోయింది.

"వాని బియ్యమా? నాకు వాని కూడు పెట్టినావా?"

"వానిదని ఏమన్నా గుర్తుంటాదా నాయనా? దేవుని బియ్యం."

"బావా, నువ్వు మూడో అంతస్తుకు గూడా డబ్బా ఎత్తుకొని పోతాంటివా?"

"అందరి తలుపూ తడతాంటి గదప్పా. నువ్వు పిడికెడు ఏసినప్పుడు ఇది యాడికి పోతాదని అడిగితివా?"

కంచం తోశాడు. అది గోడ దాకా పోయి తిరిగింది. చాంద్ బాషా లేచి అతని భుజం పట్టుకున్నాడు.

"వానికి తెలుసునా?" అన్నాడు ఆదినారాయణ.

"తెలీదు."

"పోయి చెప్పు. నేనొక్కన్నే చెడేదేంది? వాడూ నా బియ్యం తిని చెడినాడని చెప్పు!"

క్యారియరు తీసుకొని పైకి పోయాను. చెప్పాను. ఓబులేసు మంచం మీద కూర్చొని విన్నాడు. నేను దిగుతుంటే తలుపు సందులోంచి క్యారియరు బయట పెట్టాడు. మూత తీయలేదు. అది రోషమో, చచ్చినవాడి మీది గౌరవమో నాకు తెలియలేదు.

ఆదినారాయణ ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయి ఉండొచ్చు. మూడు సముద్రాల అవతల ఏం తిన్నాడో ఆ పల్లెలో ఎవరికి తెలుస్తుంది? కానీ అతడు అట్లాంటివాడు కాడు. సాయంత్రం మమ్మల్ని వెంటబెట్టుకొని చాంద్ బాషా అంగడికి పోయి, పెద్దాయనకు ఫోను కలిపించుకున్నాడు.

"అన్నా, ఒక సంగతి చెప్పకుండా రాలేను. ఈడ ఓబులేసోళ్ళ బియ్యం తిన్నానన్నా. తెలీకనే... శానా నాళ్ళుగా. అందరిదీ కలిపి వండుతారు... లేదన్నా, ఒట్టు, తెలీదు... అన్నా? అట్లంటే ఎట్లన్నా? నా తమ్మునికి నేను..."

అవతల ఏమన్నారో మాకు వినబడలేదు. కాసేపటికి ఆదినారాయణ ఫోను చూసి, చాంద్ బాషాను చూసి, ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు.

"రావొద్దంట. పక్కన నడిచేవానికి నా మీద నమ్మకముండదంట. కర్మకు గూడా ఊర్లో కాలు పెట్టొద్దనె" అన్నాడు. తర్వాత చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "నా తమ్మునికి నీళ్ళు వదిలేదానికి గూడా పనికిరాకపోతిని బావా."

పక్కన చూస్తే మా ఆవిడ ఏడుస్తోంది. కావాలనే ఆ మాట అన్నావా అని ఆమెను తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "అన్నం చల్లారిపోతాంది, తిను" అంటుంది. జమ్మలమడుగులో పుట్టిన మనిషికి పల్లెల కట్లు తెలియవా అని నా అనుమానం. కానీ ఆమె ఆ రోజు ఏడ్చింది కూడా నిజమే.

ఆదినారాయణ ఇంక ఏమీ తినలేదు. శనివారం విమానం అతను లేకుండానే పోయింది.

ఆదివారం చాంద్ బాషా మనిషిని పంపాడు. పులివెందుల నుంచి ఫోను, ఆదినారాయణ తల్లి రాములమ్మ. అంగట్లో గుడ్డలకని వచ్చిన రెండు పక్షాలవాళ్ళూ నిలబడి ఉన్నారు. ఆదినారాయణ ఫోను ముట్టలేదు.

"మాయమ్మ నోరు నీకు తెలీదక్కా. నువ్వే మాట్లాడు" అన్నాడు.

కరుణమ్మ తీసుకుంది. నేను ఆమె చెవి పక్కన నా చెవి పెట్టాను. పెట్టనవసరం లేదు, అంగడంతా వినబడింది.

"యాడుండాడమ్మా ఆ గాజులేసుకున్నోడు? తమ్ముడు మట్టిలో కలిస్తే ఆడ పగోని మెతుకులు నములుతాండాడా? నా కడుపున చెడబుట్టినాడని చెప్పు!"

ఆదినారాయణ గోడవైపు తిరిగాడు. ఫోనులో గొంతు ఒక్కసారిగా తగ్గింది. నాకూ కరుణమ్మకూ తప్ప ఎవరికీ అందనంతగా.

"ఆసుపత్రమ్మవు నువ్వేనా తల్లీ? ఈడ ఫోను చుట్టూ మావోళ్ళు నిలబడుకోనుండారు. అందుకే అరస్తాండా. వాడు బువ్వ తింటాండాడా?"

"శుక్రవారం నుంచి తినలేదమ్మా."

"తినిపీ తల్లీ. ఎవరిదైనా సరే, తినిపీ. ఒగన్ని మట్టిలో పెట్టుకుంటి. వీన్ని మాత్రం ఈ దిక్కు రానియ్యొద్దు. నేను బతికినన్నాళ్ళూ బజార్లో వాన్ని తిడతానే ఉంటా, లేకుంటే ఈళ్ళు ఊరుకోరు. మనసులో పెట్టుకోవద్దని చెప్పు." అంతలోనే గొంతు మళ్ళీ లేచింది. "నా గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతానని చెప్పు!"

ఫోను తెగింది.

"ఏమనె అక్కా?" అన్నాడు ఆదినారాయణ, గోడవైపే చూస్తూ.

కరుణమ్మ చుట్టూ నిలబడినవాళ్ళను ఒకసారి చూసింది.

"తిట్టింది. శానా తిట్టింది" అంది గట్టిగా. తర్వాత అతని చెయ్యి పట్టుకొని మెల్లగా, "పా ఇంటికి. మిగిలింది అన్నం తినేటప్పుడు చెప్తా" అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనబడిందో గాని, ఇంక ఏమీ అడక్కుండా చెప్పులేసుకున్నాడు.