రేవులో ఎవరి చోటు వాళ్లది

మా వెర్మోల్‌కి ఎవరొచ్చినా ఊరు చూపించేది నేనే. బడిపంతులుగా రిటైరయ్యాక ఇరవయ్యేళ్లుగా ఇదే పని. కోట బురుజు, చర్చి గంట, సంతలో ధాన్యం కొలిచే రాతి తొట్లు, వీటి గురించి అడక్కపోయినా గంటసేపు చెప్తాను. ఏటి ఒడ్డున పెంకుల కప్పు కింద ఉన్న బట్టల రేవు దగ్గరికొచ్చేసరికి మాత్రం నడక వేగం పెంచేవాణ్ణి. రాజులు కాలు పెట్టని చోట చరిత్రేముంటుందని నా పొగరు.

మొన్న మార్చిలో ఆ రేవు పడగొట్టి కార్లు నిలుపుకునే జాగా చేద్దామని పురసభలో ప్రతిపాదన వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఓటింగు. మంగళవారం పొద్దున్నే గిస్లేన్ మా ఇంటికొచ్చింది. ఎనభై ఏడేళ్ల మనిషి, అక్కడ బట్టలుతికినవాళ్లలో మిగిలింది తనొక్కతే. ఆ రేవు పోతే వాళ్లమ్మ ఈ ఊళ్లో బతికిన గుర్తే ఉండదని, ఎలాగైనా ఆపమని అడిగింది.

రెండు రోజులు పాత కాగితాలన్నీ తిరగేశాను. కనీసం ఒక బిషప్పయినా ఆ నీళ్లలో చెయ్యి కడుక్కుని ఉండడా అని ఆశ. ఎవడూ కడుక్కోలేదు. ఆ మాట గిస్లేన్‌కి చెప్పాలంటే సిగ్గేసింది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. ఓటుకు ముందు మేయరమ్మని ఒక్కసారి అక్కడికి తీసుకురమ్మంది.

మేయరు మిరేయ్ తుర్నాద్ తన సభ్యులతో శుక్రవారం మధ్యాహ్నం తొందర తొందరగా వచ్చింది. వాళ్ల నాన్నా మేయరుగా చేసినవాడే. ఆవిడ నీళ్ల పక్క రాయి మీద కాలు పెట్టబోతే గిస్లేన్ చేతికర్ర అడ్డం పెట్టింది.

"జరుగమ్మా, అది డాక్టరుగారింటి వాళ్ల చోటు. ఒకరి చోట ఇంకొకరు మోకాలు పెట్టేవాళ్లం కాదు."

మిరేయ్ నవ్వేసి, మరి మావాళ్ల చోటెక్కడని అడిగింది. గిస్లేన్ రాళ్ల వెంట నడిచింది. శుభ్రమైన నీళ్లు లోపలికొచ్చే చోట డాక్టరు, నోటరీ ఇళ్లవాళ్లు. తర్వాత రొట్టెలవాళ్లు. తల్లి పోతే ఆ రాయి కూతురిదో కోడలిదో. ఒక్కో పేరూ చెప్పుకుంటూ, నీళ్లు బయటికి పోయే చిట్టచివరి రాయి దగ్గర ఆగింది.

"ఇది మీ నాయనమ్మ లియోనీది. ఊరందరి మురికీ దాటొచ్చిన నీళ్లే ఆవిడకి. అయినా దుప్పట్లు ఆవిడవే తెల్లగా ఉండేవి. మా అమ్మ కుళ్లుకునేది."

ఇక పని చెడినట్టేననుకున్నాను. మిరేయ్ నవ్వు ఆగిపోయింది. మెల్లగా ఆ రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఉతికి ఉతికి అంచు పల్లంగా అరిగిపోయింది. అందులో చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"నాన్న ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు," అంది.

సాయంత్రం ఓటింగులో రేవు నిలిచింది. ఇద్దరే కాదన్నారు. అక్కడ ఉతికిన ఆడవాళ్ల పేర్లన్నీ గోడ మీద చెక్కించాలని కూడా తీర్మానం చేసి, జాబితా పని నాకప్పగించారు. గిస్లేన్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నాకూ ఆగలేదు. మర్నాడే డాక్టరుగారింటి వాళ్లతో మొదలుపెట్టి, పేర్లు వరసగా రాసి మేయరమ్మకి చూపించాను. ఆవిడ చదివి కాగితం వెనక్కిచ్చింది.

"చివరి రాయి నుంచి మొదలుపెట్టండి మాస్టారూ."