ఎరువు బాబాయ్

మూడో వరుస ట్రేలకు నీళ్లు చిలకరిస్తుండగా ఎరువు బాబాయ్ చెయ్యి ఆగిపోయింది. టమాటా మొలకల కొత్త ఆకులు విచ్చుకోకుండా గరిటెల్లా ముడుచుకున్నాయి. కాడలు మెలికలు తిరిగాయి. మోకాళ్లు కలుక్కుమంటుండగా గొంతుకూర్చుని, ఆకు తిప్పి చూశాడు. పురుగు లేదు. వేళ్ల దగ్గర తడి ఎక్కువ కాలేదు. పక్కనున్న చిక్కుడు మొలకలదీ అదే తీరు. ఆ పక్కన ఉల్లినారు మాత్రం సూదుల్లా నిటారుగా నిలబడి ఉంది.

ఇవి ఏడాది మొదటి రోజున వేసిన విత్తనాలు. ఆ ఉదయం యజమానురాలు పనివాళ్లు నలుగురినీ కూరగాయల పెట్టెలు బోర్లించి కూర్చోబెట్టింది. పోయినేడు ఏది బాగా జరిగింది, ఏది చెడింది, ఈ ఏడు ఏం కావాలి అని ఒక్కొక్కరినీ అడిగింది. బాబాయ్ వంతు వచ్చేసరికి తల గోక్కున్నాడు.

"ఏముంది తల్లీ, వేసింది మొలిస్తే చాలు."

అందరూ నవ్వారు. ఏటా అదే మాట మరి.

ఈ తోటకు రాకముందు అతను పన్నెండేళ్లు ఊళ్లో వాళ్ల చేలకు మందు కొట్టాడు. వీపున డబ్బా, మూతికి తడిగుడ్డ. ఒక మధ్యాహ్నం చేనులోనే నురగలు కక్కుకుని పడిపోయాడు. బతికి బయటపడ్డాక మళ్లీ ఆ డబ్బా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. వేరే పని రాదు, ఇచ్చేవాళ్లూ లేరు. అప్పుడే మందుల్లేని సేద్యం మొదలుపెట్టిన ఈ యజమానురాలు అతని చేతికి పార ఇచ్చి, పేడా ఆకులూ కలిసిన ఓ గుట్ట చూపించింది. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ఎరువు మగ్గబెట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరొచ్చింది. "నీ చొక్కా ఉతికిన నీళ్లు పోస్తే చాలు, మొక్కలకి వేరే ఎరువెందుకు?" అనేది భార్య, బతికున్న రోజుల్లో.

యజమానురాలు వచ్చి ట్రేలు చూసింది. వ్యవసాయ అధికారికి ఫోటోలు పంపి, పక్కకెళ్లి ఫోనులో మాట్లాడి వచ్చింది.

"బాబాయ్, ఈసారి పేడ ఎక్కడిది?"

"ఎప్పుడూ తెచ్చేదే. మా బావమరిది కొట్టంలోది."

"వాళ్ల ఆవులు ఏం తిన్నాయో ఒకసారి కనుక్కో."

బాబాయ్ అక్కడే నిలబడి బావమరిదికి ఫోను చేశాడు.

"గడ్డా? ఈ ఏడు మనది చాల్లేదు బావా, బయట కొన్నా. ఎంత శుభ్రంగా ఉందనుకున్నావ్! వెతికినా ఒక్క కలుపు మొక్క లేదు," అన్నాడు అవతల బావమరిది సంబరంగా. "ఏం, ఇంకో బండి పేడ కావాలా?"

బాబాయ్ ఫోను పెట్టేసి ఆ మాటే ఆమెకు చెప్పాడు.

"కలుపుమందు కొట్టిన గడ్డి," అంది ఆమె మెల్లగా. "ఆవుకేమీ కాదట. మందు మాత్రం పేడలో అలాగే దిగుతుందట. మగ్గినా పోదట."

"ఎన్నాళ్లుంటది?"

"రెండేళ్లో, మూడేళ్లో. అధికారి కూడా గట్టిగా చెప్పలేకపోయాడు."

ఆ ఎరువు ట్రేలలోనే కాదు, పోయిన నెలలోనే ముప్పావు వంతు మడుల్లో పరిచేశారు. పరిచింది బాబాయే. గుప్పెడు తీసి వాసన చూసి, పిల్లకు దుప్పటి కప్పినట్టు సర్దుకుంటూ పోయాడు.

"నీ తప్పేం లేదు బాబాయ్," అందామె. తిట్టినా బాగుండేది.

అన్నం వేళ దాటినా అతను మడుల్లోంచి రాలేదు. పారతో పైమన్ను గీకి గట్టుకు ఎత్తిపోస్తున్నాడు. ఎరువు అప్పటికే మట్టిలో కలిసిపోయింది. పాలలో పడ్డ నీళ్లను వేరు చేసేవాడెవడు? ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఒక మడి పూర్తిచేసి రెండోదానికి వెళ్లాడు. అరచేతిలో బొబ్బ చితికింది. ఎండ తగ్గుతుండగా ఆమె వచ్చి పార పట్టుకుంది.

"చాలు, ఆపెయ్. ఆ మందుకి తట్టుకునే ఉల్లి, క్యాబేజీ, మొక్కజొన్నతో నెట్టుకొద్దాం. నీకూ ఏదో పని చూస్తాలే."

ఏదో పని. ఎరువు చేయని ఎరువు బాబాయ్‌కి ఏ పని ఉంటుందో ఆమెకీ తెలియదని ఆ గొంతులోనే అతనికి తెలిసింది.

"నేనింక రాను తల్లీ."

ఉండమనడానికి ఏ ఆశ చూపించాలో ఆమెకు తోచలేదు.

"ఎక్కడికెళ్తావ్?"

"కూతురింటికి. వాళ్లది మూడో అంతస్తు. మట్టి ఉండదు."

తొట్టి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోలేదు. చొక్కా మార్చుకుని, అన్నం గిన్నె ముట్టకుండా అలాగే సంచిలో పెట్టుకుని, గేటు దాటి బస్సు రోడ్డు మీదికి నడిచాడు. ఒకసారి ఆగాడు. వెనక్కి చూస్తాడనుకుంది ఆమె. చెప్పులో రాయి దులుపుకుని వెళ్లిపోయాడు.

షెడ్డు వెనక, వచ్చే పంటకని పేర్చిన కొత్త ఎరువు కుప్ప సన్నగా ఆవిరి కక్కుతోంది. కుప్పలో వేడి తెలుసుకోవడానికి అతను పొద్దున గుచ్చిన ఇనుప చువ్వ అందులోనే ఉండిపోయింది. అతని చేతి రాపిడికి పైకొస నున్నగా అరిగింది, లోపలి కొస ఇంకా కాలుతూనే ఉంది.