ఎగువకు తిప్పిన మంచం

ఆ ఊళ్ళో కుడిఎడమలు లేవు. ఊరి మధ్యగా పారే ఏరు వాటిని ఏనాడో మింగేసింది. ఎగువ, దిగువ, ఏటి వైపు, మెట్ట వైపు: ఈ నాలుగు మాటలతోనే ఊరంతా రోజులు వెళ్ళదీస్తుంది. "ఎగువ పన్ను సలుపుతోంది డాక్టరుగారూ" అంటుంది ఒకావిడ. "ముందు కుర్చీ ఎటు తిరిగుందో చూసుకోనీ తల్లీ" అంటాడు పళ్ళ డాక్టరు.

ఒకసారి ఒక కుర్రాడు దర్జీ దగ్గర కొత్త కోటు తొడుక్కుని, "దిగువ చెయ్యి బిగుతుగా ఉంది" అని చెప్పి, అద్దంలో చూసుకుందామని వెనక్కి తిరిగాడట. దర్జీ అప్పుడు దిగువకు వచ్చిన వదులు చేతికి గుర్తు పెట్టుకుని, దాన్నే ఇంకాస్త వదులు చేశాడట. కుర్రాడు గొడవకొస్తే దర్జీ అన్నాడట: "ఏరు తిరగలేదు నాయనా, నువ్వే తిరిగావు." అప్పటినుంచి మాట మార్చే మనిషి ఎవరు కనపడినా ఊరివాళ్ళు "ఏరు తిరగలేదు" అని ఊరుకుంటారు. మిగతా సగం చెప్పనక్కర్లేదు.

ఇలాంటివన్నీ ఏరి కూర్చి ఒక పుస్తకం రాశాడు, కాలేజీలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన ఒక లెక్చరరు. ఏరు ఊరికి వీధులెలా వేసిందో, మాటలెలా నేర్పిందో అందులో ఉంది. పుస్తకం పేరు 'ఏరు నేర్పిన ఊరు'. అందులో సగం కబుర్లు అతనికి చెప్పింది అతని బావ. అంటే అక్క మొగుడు. అచ్చాఫీసు వెనక షెడ్డులో పుస్తకాలు కుట్టే బైండరు. అక్క పోయి ఏడాదైంది. ఆ ఏడాదంతా సాయంత్రాలు బావ చెప్పడం, బామ్మర్ది రాసుకోవడం. చెప్పుకోవడానికి ఒక మనిషి మిగిలాడని బైండరు పొంగిపోయేవాడు.

ఆ పుస్తకమే ఇప్పుడు ఫారాలు ఫారాలుగా, అంటే మడిచి కుట్టాల్సిన అచ్చు కాగితాలుగా, అతని బల్ల మీదికి వచ్చింది. ఎదురుగా కూర్చుని కాగితాలు మడత పెట్టే ఆవిడను అందరూ మడతలావిడ అంటారు. చేతులు మడుస్తుంటే కళ్ళు చదువుకుపోవడం ఆవిడకు అలవాటు. వంటల పుస్తకమైనా, లెక్కల పుస్తకమైనా ఆవిడకు ఒకటే. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ముక్కు చీదింది.

"అన్నయ్యా, మీ బామ్మర్ది మనిషి కాదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"వేళాకోళం కాదు. దేవుడు. ఇది వినండి." గొంతు సవరించుకుని చదివింది. "'ఏరు ఎటు తమ్ముడూ, అని అడిగింది అక్క. కిందికి పరుగెత్తి ఆసుపత్రి కాపలా అతన్ని అడిగి వచ్చాను. బ్రేకులు తీసి నేనే మంచం తిప్పాను. అక్క తల ఎగువకు వచ్చింది. ఇప్పుడు ఏరు వినపడుతోంది తమ్ముడూ, అని కళ్ళు మూసుకుంది.'" చదివి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తమ్ముడంటే ఇలా ఉండాలి. అవునూ, అప్పుడు మీరెక్కడున్నారన్నయ్యా?"

ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. అందుకే ఆ మాట సూటిగా దిగింది. బైండరు చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

"అక్కడే" అన్నాడు.

"మరి ఇందులో లేరే!"

కొత్త ఆసుపత్రి ఊరికి దూరంగా, ఏరు కనపడని చోట కట్టారు. లోపలికి వెళ్ళినవాళ్ళకు ఎగువ దిగువలు తెలియవు. ఊళ్ళో అందరూ ఎగువకు తల పెట్టి పడుకుంటారు, నిద్ర దానంతటదే పారుతుందని. బైండరు భార్యకు ఇంకో పద్ధతి ఉండేది. అతని మీద కోపమొస్తే పల్లెత్తు మాట అనేది కాదు, దిండు తీసి మంచం దిగువ కొసకు వేసుకునేది. పొద్దున లేచేసరికి అతని ముక్కు దగ్గర ఆమె పాదాలు. దిండు ఎగువకు వచ్చిందంటే రాజీ. ఆ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియని భాష అది.

వార్డులో ఆమె "ఏరు ఎటండీ?" అని అడిగింది. కిందికి వెళ్ళి కాపలా అతన్ని కనుక్కుని వచ్చింది బైండరు. మంచం బ్రేకులు తీసింది బైండరు. నర్సు వచ్చి, "ఏంటండీ ఇది, మీ ఇల్లనుకున్నారా?" అని కసిరింది. అతని ముఖం చూసింది. సెలైను స్టాండును తనే రెండో పక్కకు జరిపింది. తల ఎగువకు వచ్చాక భార్య కాసేపు పైకప్పు చూసి, "అయితే ఇన్నాళ్ళూ మీ మీద అలిగినట్టే పడుకున్నానా? నాకు తెలీదండీ" అంది. నవ్వింది కూడా. తరవాత పెద్దగా మాట్లాడలేదు.

లెక్చరరు ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఈ పుస్తకం కోసమే ఎక్కడో ఎగువన ఏటి ఫొటోలు తీస్తున్నాడు. మర్నాడు అంతా అయిపోయాక వచ్చాడు. ఏటి మెట్ల మీద కూర్చుని బైండరు ఒక్క మాట దాచకుండా అతనికే చెప్పుకున్నాడు. బావ చేతులు పట్టుకుని లెక్చరరు భోరుమన్నాడు. ఆ ఏడుపును బైండరు ఏడాదిగా చలికి దుప్పటిలా కప్పుకుంటున్నాడు.

ఇదంతా అతను మడతలావిడకు చెప్పలేదు. "తిప్పింది నేనమ్మా" అని మాత్రం అన్నాడు. ఆవిడ చేతిలో కాగితాన్ని బల్ల మీద బోర్లించింది.

అంతలోనే గుమ్మంలో లెక్చరరు నవ్వు వినపడింది. "ఏం బావా, పురుడెప్పుడు పోస్తున్నావు? రేపు సాయంత్రానికి బిడ్డ ఆవిష్కరణ సభలో ఉండాలి!"

బైండరు బోర్లించిన కాగితం అందించాడు. లెక్చరరు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీశాడు.

"బాగొచ్చింది కదా?" అన్నాడు.

"నువ్వక్కడ లేవు కదయ్యా."

"లేను బావా. అదే కదా నా బాధ. రాస్తూ రాస్తూ ఉంటే ఉన్నట్టే అయిపోయింది."

"నువ్వు ఉన్నట్టయితే అయ్యావు. నేనెందుకు లేకుండా పోయాను?"

"సంపాదకుడు అన్నాడు, ఇద్దరుంటే చదివేవాడి చూపు చెదిరిపోతుందని. రచయిత తను చూసిందే రాయాలట."

"చూసింది రాయమంటే, చూడనిది చూసినట్టు రాయమనా?"

"అక్క నాకు మాత్రం అక్క కాదా బావా?"

"ఎందుక్కాదు? అక్క నీదే. మంచం నాది."

మడతలావిడ తల వంచుకుని, మడత పెట్టిన కాగితాలనే మళ్ళీ మడత పెడుతోంది.

"పైగా మీ అక్క అన్న మాట కూడా మార్చేశావు" అన్నాడు బైండరు.

"ఆ అలక సంగతి పెడితే ఎవరికర్థమవుతుంది చెప్పు? మొగుడూ పెళ్ళాల మధ్య మాట. పుస్తకంలో నిలబడదు."

"ఈ ఒక్క ఫారం మళ్ళీ వేయిద్దాం. అచ్చాఫీసు ఓనరును నేను బతిమాలుకుంటాను."

"రేపే సభ బావా! మేయరు వస్తున్నాడు. నేను చదివి వినిపించేదే ఆ పేజీ. ఈసారికి వదిలెయ్. చదివేవాళ్ళకు ఎవరు తిప్పితే ఏముంది? ఏరు ముఖ్యం."

"ఏరు తిరగలేదు" అన్నాడు బైండరు.

ఆ ఊళ్ళో పుట్టినవాడికి మిగతా సగం తెలియకుండా ఉండదు. ఆ సామెత కథ కూడా అతని పుస్తకంలోనే ఉంది. లెక్చరరు పెద్ద హాస్యం విన్నట్టు నవ్వి, బావ భుజం తట్టాడు. "నా కాపీ మాత్రం గట్టి అట్ట వేసి, ఆ పేజీకి రిబ్బను పెట్టి నువ్వే స్వయంగా కుట్టాలి. నీట ముంచినా పాల ముంచినా నీదే భారం!" అని వెళ్ళిపోయాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి బైండరు విన్నాడు. తెప్ప మీద తన పేరు రాసుకుని ఊరేగేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

అయినా మిగిలిన కాపీలన్నీ ఎప్పటిలాగే శుభ్రంగా కుట్టాడు. కుట్టిన ప్రతి కాపీలోనూ తను ఆ వార్డులోంచి బయటికి నడిచి వెళుతున్నట్టే ఉంది. చివరికి లెక్చరరు కాపీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ పేజీ ఉన్న ఫారం దగ్గరికి వచ్చేసరికి చింపేద్దామనిపించింది, కానీ పుస్తకం చింపడం ఆ చేతులకు రాదు. ఫారాన్ని తల కిందికి, కాళ్ళు పైకి వచ్చేలా తిప్పి పెట్టాడు.

"అన్నయ్యా, అది తలకిందులైంది" అంది మడతలావిడ.

"తెలుసమ్మా."

ఆవిడ ఒక క్షణం చూసింది. తరవాత సూదిలో దారం ఎక్కించి అతని చేతికిచ్చింది.

మర్నాడు సాయంత్రం హాలు నిండింది. మేయరు ఏటి గొప్పతనం గురించి మాట్లాడి కూర్చున్నాడు. లెక్చరరు మైకు ముందుకు వచ్చి, గంభీరంగా రిబ్బను పట్టుకుని పుస్తకం తెరిచాడు. అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేయరు మెడ వంచి తొంగిచూశాడు. అచ్చాఫీసు ఓనరు కుర్చీలో కూరుకుపోయాడు.

లెక్చరరు పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పాడు, ఎగువది దిగువకు, దిగువది ఎగువకు. తిప్పుతూ ఉండగానే అతని చేతులు ఆగాయి. తలెత్తి హాలంతా వెతికాడు. ఆఖరి వరసలో బావ కనపడ్డాడు.

బైండరు తెలియకుండానే కుర్చీ అంచుకు జరిగాడు. ఇంకేం అక్కర్లేదు, ఒక్క మాట. 'నేనే' అన్న చోట 'బావ' అంటే చాలు. అచ్చులో ఏమున్నా సరే, ఇంతమంది చెవులు వింటాయి. లెక్చరరు పెదవులు 'బా' అన్నట్టు కలిశాయి కూడా.

తరవాత అతను కళ్ళు దించుకుని చదివాడు. "బ్రేకులు తీసి నేనే మంచం తిప్పాను."

హాల్లో జేబురుమాళ్ళు బయటికి వచ్చాయి. చప్పట్లు చాలాసేపు మోగాయి.

సభ అయ్యాక ఓనరు గుమ్మం దగ్గర కాపు కాశాడు. "ఎవరయ్యా ఆ ఫారం తిప్పింది? మేయరు ముందు నా పరువు ఏట్లో కలిపారు!" బైండరు నోరు విప్పేలోపు మడతలావిడ ముందుకొచ్చింది. "మడతలు నావేనండీ. కళ్ళు మసకలు కమ్మాయి." అన్నేళ్ళలో ఆవిడ చేతి మీదుగా ఒక్క కాగితం తప్పు పోలేదని ఓనరుకూ తెలుసు. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ బైండరు వైపు చూడకుండా చెప్పులు వెతుక్కుంది.

జనాన్ని తప్పించుకుని లెక్చరరు వచ్చాడు. చేతిలో ఆ పుస్తకం, ముఖం నిండా చెమట.

"ఇది పొరపాటు కాదు బావా" అన్నాడు గొంతు తగ్గించి. "తిప్పింది నువ్వే కదూ?"

ఆ మాట ఇలాంటి చోట, ఇలాంటి మనిషి నోట వింటానని బైండరు అనుకోలేదు.

"అవును" అన్నాడు. "తిప్పింది నేనే."

లెక్చరరు ఏదో అనబోయాడు. "రెండో ముద్రణలో తప్పకుండా..." అంటుండగానే ఎవరో రెక్క పుచ్చుకుని ఫొటోకని లాక్కుపోయారు. ఫొటోలో నిలబడేసరికి అతని ముఖం మళ్ళీ నవ్వుతూనే ఉంది.

బైండరు ఏటి వీధి వెంట ఇంటికి నడిచాడు. ఎండ ఇంకా పోలేదు. రేపటినుంచి ఊళ్ళో ఎదురైనవాళ్ళంతా తనను ఒకటే అడుగుతారు, అప్పుడు మీరెక్కడున్నారని. బామ్మర్ది ఆ మంచాన్ని తీసుకుపోయాడు. కానీ ఆమె మాటను మాత్రం, పుస్తకంలో నిలబడదని, అక్కడే పారేసి పోయాడు. అది తనకు మిగిలింది.

ఇంటికి చేరాక తలుపు వేసి, దిండు తీసి మంచం దిగువ కొసకు వేశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను ఎన్నడూ అలగలేదు. వేసి కాసేపు పక్కన నిలబడ్డాడు. తన మీదే కోపమని ఆమె అనుకుంటుందేమోనని తోచింది. మళ్ళీ తీసి ఎగువకే పెట్టాడు.