పిల్లి కదలని ఫొటో

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు నర్సు ఫోనుకు వచ్చిన ఫొటోలో పిల్లి కదల్లేదు.

ఫొటో ఒక లారీ డ్రైవరు ఎడమ మోకాలిది. మోకాలి మీద నిలువుగా కోత, కోతకు పిన్నులు. మంచం చివర పిల్లి తోకను ముక్కు మీద వేసుకుని పడుకుంది. నర్సు శనివారం ఫొటో తెరిచింది. పిల్లి అక్కడే ఉంది. తోక ముక్కు మీదే ఉంది. శుక్రవారం కూడా అంతే. దుప్పటి మడత కూడా మారలేదు.

మహమ్మారికి ముందు నర్సు పనిచేసే ఆసుపత్రిలో మోకాలి కీలు మార్చిన మనిషిని వారం ఉంచుకునేవారు. లేపి నిలబెట్టి, నడిపించి, మెట్లెక్కించి పంపేవారు. మహమ్మారి వచ్చాక ఎముకల వార్డు జ్వరాల వార్డుగా మారింది. మారేముందు చేసిన చివరి ఆపరేషన్లలో డ్రైవరుది ఒకటి. రెండో రోజునే ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు ఆయన భార్యకు రెండు పనులు నేర్పారు: మోకాలు వంచించడం, రోజూ పొద్దున్నే గాయం ఫొటో తీసి పంపడం. వచ్చిన ఫొటోలు చూసి ఫోన్లో మాట్లాడటం ఈ నర్సు పని. ఆమెకు ఏడో నెల. అందుకని వార్డు నుంచి తప్పించి, మందుల స్టోరు పక్క గదిలో కూర్చోబెట్టారు.

ఆమె డ్రైవరుకు ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నారు బాబాయ్ గారూ?"

"గుర్రంలా ఉన్నా తల్లీ. కట్టేసిన గుర్రం."

"మీ పిల్లికి కూడా ఆపరేషన్ చేయించారా?"

"పిల్లికా? దానికేం రోగం?"

"మూడు రోజుల నుంచి కదలట్లేదు. ముక్కు మీంచి తోక కూడా తీయలేదు."



"బద్ధకం. నన్ను చూసి నేర్చుకుంది."

"ఒకసారి వీడియోలో చూపించండి."

"నాది బటన్ల ఫోనమ్మా. అయినా అది ఇంట్లో లేదు, ఎలకల వేటకి పోయింది."

"పిల్లి వద్దులెండి. మోకాలు చూపించండి. అది వేటకి పోలేదుగా?"

ఫోన్ కట్టయింది.

ఫొటోలు వచ్చేది భార్య ఫోను నుంచి. నర్సు ఆ నంబరుకు వీడియో కాల్ చేసింది. భార్య వంటింట్లో ఉంది. చేతికి సబ్బు నురగ ఉంది.

"పిన్నీ, మోకాలు ఎలా ఉంది?"

"నేనేం చెప్పనమ్మా."

"చెప్పలేరా, చెప్పకూడదా?"

"నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. నోరు విప్పి చెప్పనని."

ఆమె చెయ్యి కడుక్కుంది. ఫోను పట్టుకుని పడకగదిలోకి నడిచింది. మంచం దగ్గర నిలబడి, కెమెరా మోకాలి వైపు తిప్పింది.

"మోసం చేశావు కదే!" అన్నాడు డ్రైవరు.

"నేనొక్క మాటన్నానా? మీరే చెప్పండి, అన్నానా?"

కోత పైభాగం బాగానే ఉంది. కింద రెండు పిన్నుల మధ్య నుంచి నీరు కారి గుడ్డ తడిసింది. చుట్టూ అరచేయంత మేర ఎర్రబడింది. నర్సు చెప్పినట్టు భార్య ఒక చెయ్యి ఈ మోకాలి మీద, ఇంకో చెయ్యి ఆ మోకాలి మీద పెట్టి చూసింది.

"ఇది పెనంలా ఉందమ్మా."

"మెడికల్ షాపు నుంచి మాత్రలేమైనా తెప్పించి వేసుకున్నారా?"

"ఇవాళ తెప్పిద్దామనుకున్నా" అన్నాడు డ్రైవరు.

"వద్దు. అవి మింగితే లోపల ఏ క్రిమి చేరిందో పరీక్షలో దొరకదు. ఇవాళే ఆసుపత్రికి రావాలి."

"రాను తల్లీ. కోప్పడకు. నా పక్క మంచం ఆయన గుర్తున్నాడా? ఆయనదీ మోకాలే. దగ్గొచ్చిందని పై అంతస్తుకి తీసుకెళ్లారు. ఫోను మంచం మీదే మర్చిపోయారు. అది రాత్రీ పగలూ మోగింది. ఇంటివాళ్లు చేస్తున్నారు. ఎత్తి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆయన మళ్లీ కిందికి రాలేదు. కాలు పోతే పోనీ, మనిషిని మిగులుతా."

ఏమీ కాదని నర్సు అనలేదు.

"ముందు పోయేది కాలు కాదు బాబాయ్ గారూ. లోపల పెట్టిన కీలు. ఇప్పుడే కడిగితే దాన్ని నిలబెట్టుకోవచ్చు. ఆలస్యమైతే పీకేయాలి. మళ్లీ పెట్టేదాకా నెలలు. అప్పటికి ఎంత వంగుతుందో ఎవరూ చెప్పలేరు. క్లచ్చి తొక్కేది ఎడమ కాలే కదా?"

డ్రైవరు కిటికీ వైపు చూశాడు. లారీ బయట ఉంది. ముప్పై ఏళ్లు ఒకరి బండ్లు తోలాక కొనుక్కున్న బండి అది. మోకాలు బాగు చేయించుకున్నదే దాని కోసం.

"ఆ ఆసుపత్రి గేటు మాత్రం దాటను" అన్నాడు.

"దాటకండి. కాసేపాగి ఫోన్ చేస్తా."

ఆ నెల జ్వరాల వార్డు డ్యూటీ లేని సర్జన్ ఒకడే. నర్సు అతనికి ఫోన్ చేసి మోకాలి సంగతి చెప్పింది.

"ఆయన గేటు లోపలికి రానంటున్నారు సార్."

"మంచిది. నేనే గేటు బయటికి వస్తా. బయటి పార్కింగులో ఆపమను."

డ్రైవరు బావమరిదికి కూరల వ్యాను ఉంది. లాక్‌డౌన్‌లో రోడ్డు మీద తిరిగేందుకు పాసు ఉన్నది దానికే. ఖాళీ బుట్టలు పక్కకు నెట్టి పరుపు వేశారు. డ్రైవరు వెనక పడుకుని దారంతా అరుస్తూనే ఉన్నాడు.

"గేరు మార్చరా! ఇంజను ఏడుస్తోంది, వినపడట్లేదా?"

"బావా, వంకాయలు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇలా సతాయించలేదు."

"వాటికి డ్రైవింగు రాదు కాబట్టి."

సర్జన్ వ్యానులోనే మోకాలు చూశాడు. గేటు దాటే పని లేకుండా పార్కింగు వైపు తలుపున్న, కట్లు కట్టే పాత గదిలోకి తీసుకెళ్లి, మోకాలిలో నుంచి సూదితో నీరు తీశాడు. మామూలుగా ఆ నీరు తేటగా ఉండాలి. ఇది చిక్కగా, మబ్బుగా ఉంది.

"సాయంత్రం తెరిచి కడుగుతాం. ఇక్కడ కాదు. రోడ్డు అవతల కంటి ఆసుపత్రి పై అంతస్తు తీసుకున్నాం. అక్కడికి జ్వరం ఉన్నవాళ్లు రారు. జ్వరాల వార్డు వాళ్లు కూడా రారు."

"మా ఆవిడని ఉండనిస్తారా?"

"పరీక్షలో వైరస్ లేదని తేలితే ఉండొచ్చు."

"నా ఫోను?"

సర్జన్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. తన గది నుంచి వచ్చి పక్కన నిలబడ్డ నర్సుకు అర్థమైంది.

"జేబులోనే పెట్టుకోండి బాబాయ్ గారూ. థియేటరులోకి వెళ్లేటప్పుడు పిన్ని చేతికివ్వండి. మీకు వచ్చిన ప్రతి ఫోనూ ఆమె ఎత్తుతుంది."

భార్యాభర్తలిద్దరికీ వైరస్ లేదని తేలింది. సాయంత్రం మోకాలు తెరిచారు. లోపలంతా కడిగారు. లోహపు భాగాలు గట్టిగా ఉండటంతో వాటిని ఉంచి, మధ్యలోని ప్లాస్టిక్ ముక్క మార్చారు. బుధవారం మోకాలి నీటి పరీక్ష ఫలితం వచ్చింది. చేరింది చర్మం మీద ఉండే క్రిమి, మందుకు లొంగే రకం. కొన్ని వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాత మాత్రలు రాశారు. కీలు నిలిచిందీ లేనిదీ మాత్రలు ఆపాకే చెప్పగలమన్నాడు సర్జన్.

ఇంటికి పంపే రోజు నర్సు కొత్త షరతు పెట్టింది. రోజూ మోకాలి పక్కన ఆ రోజు క్యాలెండరు కాగితం చింపి పెట్టి ఫొటో తీయాలి.

"పిల్లి సాక్ష్యం చెల్లదా?" అన్నాడు డ్రైవరు.

"దాన్నిక నమ్మను."

"అసలు పాత ఫొటో పంపమంటే నీకు పిల్లి ఉన్నదే ఎందుకు దొరికిందే?" అని భార్యను అడిగాడు. "మామూలు ఫొటో పంపి ఉంటే ఈమెకి తెలిసేది కాదుగా!"

భార్య మందుల సంచి సర్దుతోంది.

"పిల్లి లేనివి కూడా ఉన్నాయి నా ఫోన్లో" అంది.

డ్రైవరు ఆమెను చూశాడు. నర్సును చూశాడు.

"ఆడవాళ్లిద్దరూ ఒకటైతే మగాడికి పార్కింగే గతి" అన్నాడు.

ఆ తర్వాత రోజూ క్యాలెండరు కాగితంతో ఫొటో వచ్చింది. మధ్యలో ఒక రోజు రాలేదు. నర్సుకు కాన్పయిన రోజది. ఎవరికి పంపాలో తెలియక ఆగారు. మర్నాడు రెండు కాగితాలు పెట్టి ఒకే ఫొటో ఆమె ఫోనుకే పంపారు.

మాత్రలు ఆపాక రక్తపరీక్షలు రెండుసార్లు చేశారు. రెండింటిలోనూ ఇన్ఫెక్షన్ కనిపించలేదు.

ఆ వారం నర్సుకు ఒక వీడియో వచ్చింది. తీసింది డ్రైవరు భార్య. డ్రైవరు చేతికర్రను లారీ చక్రానికి ఆనించి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, కుడి కాలు ముందు వేసి క్యాబిన్‌లోకి ఎక్కాడు. సీట్లో కూర్చుని తలుపు తెరిచే ఉంచాడు. తాళం తిప్పాడు. నెలల తరబడి నిలబెట్టి ఉంచడంతో బ్యాటరీ దిగిపోయింది, బండి స్టార్టు కాలేదు.

ఎడమ కాలు ఎత్తి క్లచ్చి తొక్కాడు. అది కింది దాకా వెళ్లింది.