యంత్రం భోజనానికి వెళ్లింది

"పన్నెండుకల్లా వంట ముగించుకుని లోపలి గదిలో కూర్చో. వాళ్లున్నంతసేపూ బయటికి రాకు," అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నేను కూరగాయలు తరుగుతున్నాను. ఎందుకు రాకూడదని అడగలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. తెలిసిందే మళ్లీ అడిగితే "మొదలుపెట్టావా" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, పైగా చేతిలో కత్తి ఉంది.

ఎనిమిదేళ్లుగా మేమొక వెబ్‌సైటు నడుపుతున్నాం. హ్యాకథాన్లని ఉంటాయి, రెండు రోజుల్లో జట్లుగా కూర్చుని ఏదో ఒక యాప్ తయారుచేసే పోటీలు. స్నేహితులున్నవాళ్లు జట్టుతోనే వస్తారు. ఎవరూ లేనివాళ్లు మా దగ్గరికొచ్చి ఒక ఫారం నింపుతారు. మా సైటు వాళ్లకు తగినవాళ్లను వెతికి జట్టు కట్టి, ఎందుకు కట్టిందో రెండు వాక్యాల్లో చెబుతుంది. ఆ రెండు వాక్యాల కోసమే ఇన్ని వేలమంది చేరారని ఈయన సభల్లో చెబుతుంటాడు. "మా యంత్రం మనుషుల మనసు చదువుతుంది" అంటాడు. చప్పట్లు మోగుతాయి. ఆ యంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ ఆ వీడియో చూస్తుంటుంది.

మోసం చేద్దామని మొదలుపెట్టింది కాదు. రెండో పోటీకి ఈయన రాసిన ప్రోగ్రాం, బొమ్మలు గీసేవాళ్లను ఆరుగురిని తీసుకెళ్లి ఒకే జట్టులో పడేసింది. పోటీ చూస్తే మర్నాడే. నాకప్పుడు ఏడో నెల, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. "ఈ ఒక్కసారికి నువ్వు చేత్తో సర్దిపెట్టు, వచ్చేసారికి రాసేస్తాను" అన్నాడు. ఆ ఒక్కసారికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. పాప రెండో తరగతికి వచ్చింది, ప్రోగ్రాం మాత్రం రాలేదు. ఈలోగా ఫారాలు చదివీ చదివీ నాకొక విద్య పట్టుబడింది. "నాకు పెద్దగా ఏమీ రాదు" అని రాసేవాళ్లకు తరచుగా పని బాగా వస్తుంది, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. "అన్నీ వచ్చు" అన్నవాడి పక్కన వాళ్లను వేస్తే రెండు రోజులూ వాడికి కాఫీలందించి, చివర్లో వాడు మాట్లాడుతుంటే వెనక నిలబడి వెళ్లిపోతారు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఈ ఇంట్లోనే నేర్చుకున్నాను.

సభ్యులు కబుర్లాడుకునే పేజీ ఒకటుంది. "ఈ యంత్రం రోజూ ఒంటిగంట నుంచి రెండున్నర దాకా పలకదేమిటి?" అని ఎవరో అడిగారు. "భోజనానికి వెళ్లింది" అని ఇంకొకరు రాశారు. దానికి మూడొందల నవ్వులు. అప్పుడు నేను అత్తయ్యకు వడ్డిస్తున్నాను. ఫోనులో చూసి నేనూ నవ్వాను, ఫోను పక్కన పెట్టి చారు వడ్డించాను. పాపకు జ్వరమొచ్చిన వారం ఈయన "సర్వర్లకు మరమ్మతులు" అని నోటీసు పెట్టాడు. అత్తయ్యయితే "వాడు బయట అంత కష్టపడుతుంటే నువ్వేమిటమ్మా, పొద్దస్తమానం ఆ కంప్యూటర్లో ఎవరెవరికో సంబంధాలు కుదురుస్తావు" అంటుంది. నేను చేసే పనేమిటో సరిగ్గా చెప్పింది ఆవిడొక్కతే.

ఇప్పుడొక పెద్ద కంపెనీ మా సైటును కొంటానంటోంది. కొనేముందు యంత్రం పనిచేస్తుండగా కళ్లారా చూడాలన్నారు. మా ముందుగదే ఆఫీసు కాబట్టి ఇంటికే వస్తున్నారు. వాళ్లు ముందుగదిలో ఫారాలు నింపుతారు, నేను లోపల కూర్చుని పది నిమిషాల్లో జవాబులు పంపాలి.

"అయితే వాళ్లకు అమ్ముతున్నది నన్నేనా?" అని పోయిన వారం అడిగాను.

"అదేం మాట? నువ్వు చూసే పద్ధతులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చెయ్. మిగతాది వాళ్ల ఇంజనీర్లు చూసుకుంటారు. నీకూ విశ్రాంతి."

"ఆ కాగితం మీద నా పేరుంటుందా?"

"పేరుదేముంది? నువ్వూ నేనూ వేరా?"

నేనేదైనా అడిగినప్పుడే మేమిద్దరం ఒకటవుతాం. కాగితం మాత్రం రాయలేదు. రాసిస్తే ఎనిమిదేళ్లూ అందులోకి వెళ్లిపోతాయి, నేను అసలెప్పుడూ లేనట్టే అవుతుందని భయం వేసింది.

అత్తయ్యనూ పాపనూ ఆడపడుచు ఇంటికి పంపేశాం. పన్నెండున్నరకు వాళ్లొచ్చారు, ఇద్దరు ఇంజనీర్లు, వాళ్ల మీద మేనేజరు ఒకావిడ. గోడ అవతల ఈయన గొంతు, మామూలుకంటే ఒక మెట్టు పైన. ఇంజనీర్ల ఫారాలు తేలిగ్గానే ఉన్నాయి, జవాబులు పంపేశాను. "అద్భుతం" అన్నారెవరో. మూడోది ఆ మేనేజరుది. 'మీకేం వచ్చు' అన్న చోట ఇలా రాసింది: "ఒకప్పుడు ప్రోగ్రాంలు రాసేదాన్ని. పన్నెండేళ్లుగా ఎవరో చేసిన పని గురించి మీటింగుల్లో మాట్లాడుతున్నాను. ఇప్పుడు నాకేం వచ్చో"

వాక్యం అక్కడే ఆగిపోయింది. యంత్రాన్ని పరీక్షించడానికి రాసిందనుకోవచ్చు. కానీ ఇన్ని వేల ఫారాలు చదివినదాన్ని, పరీక్షకు రాసేవాళ్లు వాక్యం పూర్తిచేస్తారు.

నాలుగు నిమిషాలు గడిచాయి. ఫోను వణికింది. "త్వరగా" అని ఈయన మెసేజి. వెంటనే ఇంకొకటి: "ఏం చేస్తున్నావ్?" బయట గట్టిగా నవ్వి, "కొంచెం క్లిష్టమైన కేసులా ఉందండీ, ఒక్క నిమిషం" అంటున్నాడు. ఆ నవ్వులో వణుకు నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. జాలేసింది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏనాడో తేలిపోయేది. ఎప్పటిలాగే రెండు మంచి వాక్యాలు పంపితే సాయంత్రానికి అందరూ సంతోషంగా ఉంటారు, అందులో నేను కూడా సంతోషంగా ఉన్నట్టే కనిపిస్తాను. రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

"మీ జట్టుకు ఒక్క మనిషి చాలు. మీరు వదిలేసిన వాక్యం చివర ఏముందో ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్లుగా ఈ జవాబులన్నీ రాస్తున్నది ఆమే, ఇప్పుడు పక్కగదిలో కూర్చుని ఉంది."

మళ్లీ చదవలేదు. చదివితే పంపలేనని తెలుసు. పంపేశాను.

ముందుగదిలో ఒకసారి దగ్గు వినిపించింది, ఈయనదే. తర్వాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"ఆ గదిలో ఎవరున్నారు?" అని అడిగిందావిడ.

"ఎవరూ లేరండీ," అన్నాడు మా ఆయన. "సామాన్ల గది."

నేను లేచి తలుపు తీశాను.